ఎడమ భుజం వెనక పిడి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి ఆన్‌సైట్ మీద శాన్‌హోసే వెళ్లిన మనవాళ్లు శనాదివారాలు వస్తే కారు తీసి మాంటెరే తీరానికి పోతారు. సెవెన్టీన్ మైల్ డ్రైవ్‌లో కొన్ని ఫొటోలు, పసిఫిక్ గ్రోవ్ రాళ్ల మీద మరికొన్ని. ఆ రాళ్లకు ఎదురుగానే, ఒడ్డుకు దగ్గర్లో, 1997 అక్టోబర్ 12 ఆదివారం సాయంత్రం ఐదున్నర కావస్తుండగా జాన్ డెన్వర్ విమానం సముద్రంలో కూలింది. ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాడింది డెన్వరే. సొంతూరికి దూరంగా బతికేవాళ్లకు ఆ పాట గురించి నేను చెప్పనక్కర్లేదు.

అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. తండ్రి అమెరికా వైమానిక దళంలో బి-58 బాంబర్ నడిపి వేగంలో రికార్డులు కొట్టినవాడు. కొడుక్కి విమానం నేర్పింది ఆయనే. అంతరిక్షంలోకి కూడా వెళ్లాలని కొడుకు నాసాను ఎంతగానో అడిగాడు. చనిపోయేనాటికి 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది. కాబట్టి ఇది ఏమీ తెలియని కుర్రాడి కథ కాదు. అలాగని మచ్చలేని కథా కాదు. తాగి కారు నడిపిన కేసుల వల్ల ఆయన మెడికల్ సర్టిఫికెట్ చెల్లకుండా పోయింది. నిజానికి ఆరోజు ఎగరకూడదు. మరణానంతర పరీక్షల్లో మాత్రం ఒంట్లో మద్యం కనబడలేదు.

ఆయన కొన్నది ఇంకొకరు కట్టిన లాంగ్-ఈజీ విమానం. బర్ట్ రూటన్ గీసిన నమూనా. ఫోము మీద గ్లాసు ఫైబర్ పరిచి ఇంటి షెడ్డులో కట్టుకోవచ్చు. చిన్న రెక్క ముందు, ఇంజిను వెనక. చిన్న ఇంజినుతోనే గంటకు 300 కిలోమీటర్ల దాకా పోతుంది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో కనబడే సెస్నా ఆ వేగం అందుకోలేదు. చూస్తే ఎవరికైనా మనసు పోతుంది, డెన్వర్‌కూ పోయింది.

ట్యాంకు మార్చే వాల్వును పైలట్ మోకాళ్ల మధ్య పెట్టమని రూటన్ డ్రాయింగ్ చెబుతుంది. కట్టినాయన అలా పెట్టలేదు. పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి వస్తే నిప్పు భయమనుకుని, వాల్వును వెనక గోడకు, పైలట్ ఎడమ భుజం వెనక్కి జరిపాడు. జాగ్రత్త కోసమే చేశాడు. కానీ దాన్ని తిప్పాలంటే స్టిక్కు వదిలి ఒళ్లంతా వెనక్కి మెలితిప్పాలి. పిడి కుడికి తిప్పితే ఎడమ ట్యాంకు తెరుచుకుంటుంది. ఏది ఎటో రాసి కూడా లేదు. పెట్రోలు మట్టం చూపే గేజీల మీద గుర్తులు లేవు. అవీ వెనకే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ తెలుసు: ఎవడో రాసి వెళ్లిపోయిన కోడు, కామెంట్లు లేవు, అరగంట కేటీ (పని అప్పగింత). డెన్వర్‌కూ శాంటా మరియాలో దొరికిన శిక్షణ సుమారు అరగంటే. అక్టోబర్ 11న విమానాన్ని మాంటెరేకు క్షేమంగా తెచ్చుకున్నాడు.

మర్నాడు గోల్ఫ్ ఆడి విమానం దగ్గరికి వచ్చాడు. గేజీలు చూసుకోవడానికి మెకానిక్ ఒక అద్దం ఇచ్చాడు. ఆ పిడి అందదన్న సంగతి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆటోపైలట్ వేసి తిప్పుకుంటానన్నాడు డెన్వర్. పెట్రోలు పోయించమంటారా అంటే వద్దన్నాడు, గంటసేపే కదా ఎగిరేది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాటే. మిగతావన్నీ ఎవరో కట్టిపెట్టి పోయినవి. ఇదొక్కటీ ఆయన చేతిలో ఉంది.

మూడుసార్లు రన్‌వే తాకి లేచాడు. తర్వాత తీరం వైపు తిరిగాడు. ఎత్తు 500 అడుగులకు మించదని చూసినవాళ్లు చెప్పారు. టప్ మని ఏదో చప్పుడు విన్నామన్నారు. అంతలోనే విమానం ఒరిగి, ముక్కు కిందకు పెట్టి నీళ్లలో పడింది. ట్యాంకు మార్చే పిడి కోసం ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగేవాడి కుడి కాలు తెలియకుండానే రడ్డర్ పెడల్‌ను తొక్కుతుందని దర్యాప్తులో తేలింది. వేల అడుగుల ఎత్తులో అయితే సర్దుకోవచ్చు. అక్కడ అంత ఎత్తు లేదు.

వేగమే చంపిందని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. లాంగ్-ఈజీ మొండి విమానం కాదు. ముందు రెక్క ఉన్నందువల్ల అది తేలిగ్గా స్టాల్ కాదు కూడా. సరదాకు ఎగిరేవాడు దాన్ని నడపలేడనీ కాదు. కానీ ఇంట్లో కట్టిన విమానం ఒకదానిలా ఇంకొకటి ఉండదు. సెస్నా మీద గడించిన గంటలు ఆ పిడి ఎక్కడుందో చెప్పవు. వేగం చేసేదల్లా వెతుక్కునే వ్యవధిని లాగేసుకోవడం.

మన దగ్గర ఈ చర్చ ఇంకా పెద్దగా మొదలవలేదు. ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కు ఎగిరే అనుమతి చేతికొచ్చేసరికి 2019 అయింది. అమెరికాలో మాత్రం ఇలాంటివి సెకండ్‌హ్యాండ్‌లో ఎప్పుడూ అమ్మకానికి ఉంటాయి. అక్కడి రవాణా భద్రతా బోర్డు 2011 ప్రమాదాలను పరిశీలించి 2012లో లెక్క చెప్పింది. చిన్న విమానాల్లో ఇంట్లో కట్టినవి పదో వంతే. ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో మాత్రం 21 శాతం వాటివే. కూలిన వాటిలో సగానికి పైగా, డెన్వర్ విమానంలాగే, ఇంకొకరు కట్టగా కొనుక్కున్నవి.