తేయాకు తోటల్లో తెలుగు మందిరం: నెల్లూరు నుంచి నేటాల్ దాకా

మిషనరీ అనగానే మన బుర్రలో మెదిలేది తెల్లదొర, దొరసాని, బంగళా. నెల్లూరు జూవెట్, ఒంగోలు క్లౌ పేర్లు లేని చర్చి చరిత్ర లేదు. కానీ మనవాళ్ళు కూడా మిషనరీలుగా సముద్రం దాటారనీ, వాళ్ళని ఖర్చు పెట్టుకుని పంపింది మన తెలుగు సంఘాలేననీ చెప్పే పేజీ కోసం మాత్రం వెతుక్కోవాల్సిందే. జాన్ రంగయ్య, కనకమ్మ దంపతులు 1903 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి చేరారు. పంపింది నెల్లూరు కేంద్రంగా పనిచేసిన తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ.

వాళ్ళని పిలిచిందెవరు అన్నదే మాకు ముఖ్యం. పిలిచింది కూలీలు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్‌కి చేరింది. అప్పట్నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాల్‌కి పోయారు. వీళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళే. ఓడ రిజిస్టర్లలో ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చలు అన్నీ రాసుకున్నారు. సముద్రం దాటితే కులం పోతుందని సవర్ణులు భయపడ్డారు గానీ, మాల, మాదిగ అనే మాట రిజిస్టర్లోకెక్కి మనోళ్ళతోపాటే ప్రయాణం చేసింది.

ఈ కూలీల్లో బాప్టిస్టులు ఎలా ఉన్నారు? 1876-78 కరువు గుర్తు చేసుకోవాలి. కరువు పనికోసం బకింగ్‌హాం కాలవ తవ్వినవాళ్ళల్లో, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఎక్కువమంది మాదిగలే. బాప్తిస్మంతో భూమి రాలేదు. కరువూ అప్పూ వదల్లేదు. అదే జిల్లాల్లో తిరిగిన అరకాటీలకి మనుషులు దొరకడం కష్టం కాలేదు. అట్లా పోయినవాళ్ళలో విశ్వాసులు కూడా ఉన్నారు. పరాయి దేశంలో తమ భాషలో కూటం పెట్టే పాస్టరు కావాలని నెల్లూరుకి కబురు పెట్టింది వాళ్ళే. మిషనరీ పోయి సంఘం కట్టాడని రాయడం మన రచయితలకి అలవాటు. ఇక్కడ సంఘం ముందుంది, మిషనరీ తర్వాత పోయాడు.

పోయాక వాళ్ళ రోజులెట్లా గడిచాయి? పాస్టరు రోజుని నడిపేది దేవుడి గంట కాదు, తోట గంట. కూలీకి వారానికి ఆరు రోజుల పని. ఆదివారం ఒక్కటే తనది. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటితే పట్టుకుని జైల్లో వేయొచ్చు. అందుకని విశ్వాసులు పాస్టరు దగ్గరికి రావడమనే మాటే లేదు, పాస్టరే తోట తోటకీ పోవాలి. మిగతా రోజుల్లో ప్రార్థన పెట్టాలంటే పొద్దుగూకాక, కూలీ లైన్లలోనే. లైన్లంటే వరసగా కట్టిన ఇరుకు గదులు. మొదటి ఏడాది మగవాడికి నెలకి 10 షిల్లింగులు, ఏడాదికొక షిల్లింగు పెంపు. ఆడమనిషికి అందులో సగం. కానుక పళ్ళెంలో పడిన నాణెం ఆ పది షిల్లింగుల్లోంచి వచ్చిందే.

కనకమ్మ పని గురించి ఒక మాట చెప్పాలి. పాస్టరమ్మ అంటే ఏమిటో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జీతం ఒకరి పేరున, పని ఇద్దరిది. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు చాలని ఓడ నిబంధన. ఆ లెక్కన నింపిన లైన్లలో ఆడకూలీ బతుకు ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. చరిత్ర రాసిన మగవాళ్ళు ‘రంగయ్య, ఆయన భార్య’ అని ముగించేస్తే మేము ఒప్పుకోం.

మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం 1903 డిసెంబరులో కియర్స్‌నీలో ఏర్పడింది. అది జేమ్స్ లీజ్ హ్యూలెట్ తేయాకు తోటలున్న చోటు. హ్యూలెట్ ఆ దేశంలో పెద్ద రాజకీయ నాయకుడు, 1902లో సర్ బిరుదు పొందినవాడు, పైగా మెథడిస్టు ప్రసంగీకుడు. అంటే తోట దొర, తోట కూలీ ఇద్దరూ క్రైస్తవులే. అదే ఏసు, అదే బైబిలు. చీటీ రాసేది మాత్రం ఒకడే.

అదే 1903లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఒప్పందం తీరాక తిరిగిపోకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా ఉన్నవాళ్ళమీద 1895లో పెట్టిన ఏటా 3 పౌన్ల పన్నుని, 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకీ 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లలకీ వర్తింపజేశారు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, కొత్తకూలీ ఆర్నెల్ల జీతం. రెండో సంగతి, రంగయ్య దంపతులు దిగిన నెలలోనే డర్బన్‌లో గాంధీ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. వేలమంది తెలుగు కూలీలున్న చోట తెలుగులో పాడుకోవడానికి, చదివి వినడానికి ఉన్న జాగాల్లో ఈ చిన్న మందిరాలు ఒకటి. దక్షిణాఫ్రికా తెలుగు చరిత్ర రాసేవాళ్ళు 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభతో మొదలుపెడుతుంటారు. అంతకు 28 ఏళ్ళ ముందే కియర్స్‌నీలో తెలుగు సంఘం ఉంది, అందులో కూర్చున్నది కూలీలు.

పన్నుకి వ్యతిరేకంగా 1913లో గనుల కూలీలు, చెరకు తోటల కూలీలు సమ్మె కట్టారు. 1914లో ఆ పన్ను రద్దయింది. మరుసటి ఏడు, 1915లో జాన్ రంగయ్య నేటాల్‌లోనే చనిపోయారు.