ముక్కున కూర్చున్న ఇంజిన్

నారాయణగూడ చౌరస్తా నుంచి కింగ్ కోఠి వైపు రోజూ ఎంతోమంది నడుస్తుంటారు. ఆ కోటగోడల వెనక కాపురమున్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లిషువాళ్లకి ఏకంగా ఒక విమానదళానికి సరిపడా విమానాలు కొనిచ్చాడు. 1917 నవంబర్‌లో ఏర్పడ్డ 110వ స్క్వాడ్రన్‌కి ‘హైదరాబాద్’ అన్న పేరు అలాగే వచ్చింది. ఒక్కో విమానం మీద ఇది నిజాం కానుక అని రాసి, నంబరు కూడా వేశారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో దీని మీద ప్రశ్న ఎప్పుడైనా వస్తే దాత పేరే అడుగుతారు, ఇంజిన్ పేరు అడగరు. నన్నడిగితే అసలు కథ ఇంజిన్‌దే.

ఆ విమానాలు డీహెచ్-9ఏ రకానివి. చివరనున్న ‘ఏ’ అక్షరం వెనక ఒక పరాభవం ఉంది. అంతకుముందు వచ్చిన డీహెచ్-9 చూపులకి బాగుండేది. పూమా ఇంజిన్ 300 హార్స్‌పవర్ ఇస్తుందని నమ్మి దాన్ని గీశారు. తీరా చూస్తే 230 మించి రాలేదు, వచ్చింది కూడా నికరంగా నిలవలేదు. బాంబులు వేసుకుని పైకెక్కలేక, ఎక్కినా శత్రువును తప్పించుకోలేక ఎన్నో విమానాలు కూలాయి. రోల్స్‌రాయిస్ ఈగిల్ ఇంజిన్ బిగిద్దామంటే అవి సరిపడా దొరకడం లేదు. చివరికి అమెరికా నుంచి 12 సిలిండర్లు, 400 హార్స్‌పవర్ ఉన్న లిబర్టీ ఇంజిన్ వచ్చింది. 1917లో జెస్సీ విన్సెంట్, హాల్ అనే ఇద్దరు ఇంజినీర్లు వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో కూర్చుని వారం తిరక్కుండానే గీసిన ఇంజిన్ అది.

పాత ఇంజిన్ విప్పి కొత్తది పెడితే పని అయిపోతుందనుకుంటాం. అలా కాలేదు. యోవిల్ ఊళ్లోని వెస్ట్‌లాండ్ కంపెనీ విమానాన్ని దాదాపు మళ్లీ గీయాల్సి వచ్చింది. బరువు పెరిగింది కాబట్టి రెక్కలు పెద్దవయ్యాయి, మొండెం గట్టిపడింది. పొట్ట కింద వేలాడే రేడియేటర్ ముక్కు ముందుకొచ్చింది. అలా పుట్టిన విమానాలతోనే నిజాం స్క్వాడ్రన్ 1918లో ఫ్రాన్స్ వెళ్లింది. వాటిలో ఎఫ్-1010 నంబరు విమానం 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకి నిలబడి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో ఇంగ్లండ్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి చేరింది. హైదరాబాద్ పేరు దాని ఒంటి మీద ఇప్పటికీ ఉంది.

ఇంజిన్‌ని బట్టి విమానాన్ని సర్దడం రైట్ సోదరుల రోజు నుంచీ ఉన్నదే. 1903లో వాళ్ల మెకానిక్ చార్లీ టేలర్ తయారుచేసిన 12 హార్స్‌పవర్ ఇంజిన్‌ని కింది రెక్క మీద, పడుకున్న పైలట్‌కి కుడిపక్కన బిగించారు. ఇంజిన్ బరువు మనిషి బరువు కంటే ఎక్కువ. అందుకని కుడి రెక్కని నాలుగు అంగుళాలు పొడుగు చేశారు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ల నోమ్ రోటరీ వచ్చింది. అందులో ఇంజినే ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరిగేది. చల్లదనానికి బాగానే పనికొచ్చింది గానీ, మలుపు తిప్పినప్పుడల్లా విమానాన్ని తన దారిన లాక్కుపోయేది.

చిన్న విమానం మామూలు మనిషికి అందడం మాత్రం మొదటి ప్రపంచయుద్ధపు తుక్కుతో మొదలైంది. యుద్ధం అయ్యాక మిగిలిన సరుకు అమ్మే కంపెనీ దగ్గర వీ ఆకారపు ఎనిమిది సిలిండర్ల రెనో ఇంజిన్లు గుట్టలుగా పడున్నాయి. ఫ్రాంక్ హాల్‌ఫోర్డ్ అనే ఇంజినీరు అలాంటి ఇంజిన్‌లో సగం తీసుకుని, నాలుగు సిలిండర్లని వరసగా నిలబెట్టాడు. అదే 60 హార్స్‌పవర్ సిర్రస్. దాన్ని ముక్కున పెట్టుకుని 1925 ఫిబ్రవరి 22న డి హావిలాండ్ కంపెనీ మాత్ విమానం మొదటిసారి ఎగిరింది. పాత రెనో సామాను కరిగిపోతుంటే హాల్‌ఫోర్డ్ జిప్సీ ఇంజిన్ గీశాడు. కొన్నాళ్లకి దాన్ని తలకిందులు చేసి, సిలిండర్లు నేల వైపు చూసేలా బిగించారు. దాంతో పైలట్ కళ్లముందు అడ్డు తగ్గింది, ప్రొపెల్లర్ నేలకి ఎత్తుగా నిలిచింది. కాకపోతే రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో నూనె సిలిండర్లలోకి దిగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి చూడకపోతే గుండె జారిపోయే ఖర్చు.

ఆ తలకిందుల జిప్సీ మేజర్ 130 హార్స్‌పవర్‌తో టైగర్ మాత్‌ని నడిపింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో బేగంపేటలో పెట్టిన ప్రాథమిక శిక్షణ పాఠశాలలో కుర్రాళ్లు ఎగరడం నేర్చుకున్నది ఆ టైగర్ మాత్‌ల మీదే. చిక్కడపల్లి నుంచి పక్షిలా వెళ్తే ఆ రన్‌వే ఆరేడు కిలోమీటర్లు.

ఇంజిన్ బిగించడమంటే నిజంగా ఏం చేస్తారు? ఇంజిన్‌ని చెయిన్ పుల్లీకి వేలాడదీసి, ఫైర్‌వాల్ ముందున్న ఉక్కు గొట్టాల మౌంట్‌కి తెస్తారు. ఫైర్‌వాల్ అంటే అర మిల్లీమీటరు కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు కావచ్చు, కానీ మంటకీ మనిషికీ మధ్య ఉన్నది అదొక్కటే. మౌంట్‌కీ ఇంజిన్‌కీ నడుమ రబ్బరు దిమ్మలుంటాయి. అవి లేకపోతే సిలిండర్ల అదురు మొత్తం మొండేనికి పాకి రివెట్లు వదులవుతాయి. బోల్టుల్ని టార్క్ రెంచ్‌తో కొలిచి బిగించి, విప్పుకుపోయే వీలున్న చోటల్లా సేఫ్టీ వైర్ మెలితిప్పుతారు. చాలా శిక్షణ విమానాల్లో ఇంజిన్ తిన్నగా చూడదు. ముక్కు కాస్త కిందికి, కాస్త కుడికి వంగి ఉంటుంది, ప్రొపెల్లర్ ఎడమకి లాగే లాగుడు సర్దుకోవడానికి. ఇక ఇంజిన్‌ని కప్పే కౌలింగ్ లోపల బాఫిల్స్ అనే రేకులు, వాటి అంచున రబ్బరు పట్టీలు. ముందు నుంచి వచ్చిన గాలి సిలిండర్ల పైనుంచి రెక్కల్లాంటి అంచుల మధ్యగా కిందికి దిగితేనే అవి చల్లబడతాయి. పట్టీ చినిగి సందు పడితే గాలి సులువైన దారి చూసుకుని పోతుంది, ఒక సిలిండర్ కాలిపోతుంది. పని చూస్తే దర్జీ పని, నష్టం మాత్రం ఇంజిన్ అంత.

బరువు లెక్క దీనికంతటికీ ఆఖరి మెట్టు. కొత్త ఇంజిన్ నాలుగు కిలోలు ఎక్కువైనా గరిమనాభి ముందుకి జరుగుతుంది. అందుకే మళ్లీ తూకం వేసి కాగితాలు మారుస్తారు.

బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1958లో ఎగరేసిన పుష్పక్‌కి 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం చేసిన విమానం అది, గుట్టుగా బతికింది. హెచ్‌పీటీ-32 దీపక్ కథ వేరు. 1977 జనవరి 6న మొదట ఎగిరిన ఈ విమానానికి 260 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో తరాల కేడెట్లకి మొదటి విమానం ఇదే. లైకమింగ్ పేరున్న ఇంజిన్, ప్రపంచమంతా నడుస్తున్నదే. అయినా ఈ ముక్కున కూర్చున్నాక గాల్లో ఆగిపోవడం పదేపదే జరిగింది. ఇంజిన్ ఆగితే జారుకుంటూ సుఖంగా దిగే గుణం కూడా ఈ విమానానికి తక్కువ. 17 ప్రమాదాలు, 19 మంది పైలట్ల మరణాలు అని అప్పటి పత్రికలు రాశాయి. 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఈ విమానాల్ని ఎగరకుండా ఆపేశారు. 2013లో పిస్టన్ బదులు టర్బోప్రాప్ ఇంజిన్ ఉన్న పిలాటస్ పీసీ-7 దుండిగల్‌కి వచ్చింది. ఇంజిన్ మంచిదైతే చాలదు. దానికి ఇంధనం ఏ దారిన అందుతోంది, ఎండకి ఆ దారి ఎంత వేడెక్కుతోంది, గాలి ఎలా వస్తోంది అన్నవన్నీ కలిపితేనే ‘బిగించడం’. తయారీదారు పెట్టెలోంచి వచ్చేది ఇందులో సగమే.

చిన్న పౌర విమానాల్లో పిస్టన్ ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. శిక్షణ సంస్థల్లో తిరిగే సెస్నా-152కి 110 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-235. దీన్ని 2,400 గంటలకి ఓవర్‌హాల్ చేయాలని తయారీదారు చెబుతాడు. ఆ గంటలు నిండితే పైన చెప్పిన తతంగమంతా మళ్లీ మొదలు. సంతకం పెట్టాల్సింది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సున్న ఇంజినీరు. పిస్టన్ విమానాల లైసెన్సుకి బీ-1.2 అని పేరు. దాని పరీక్షల్లో 16వ మాడ్యూల్ పిస్టన్ ఇంజిన్, 17వది ప్రొపెల్లర్. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాల మధ్య ఈ మాడ్యూళ్లు చదివేవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, పరీక్ష పరీక్షే.

సంతకానికి ముందు నేల మీద ఇంజిన్ నడుపుతారు. రెండు మాగ్నెటోలుంటాయి, బ్యాటరీతో పనిలేకుండా ఒక్కొక్కటీ ప్రతి సిలిండర్‌లోని ఒక్కో స్పార్క్ ప్లగ్‌ని వెలిగిస్తుంది. ఒకదాన్ని ఆపి వేగం ఎంత పడిందో చూస్తారు, తర్వాత రెండోదాన్ని. అసలు పడకపోతే కూడా అనుమానించాల్సిందే, మాగ్నెటో ఆగలేదన్నమాట. లీకులు చూసి, కౌలింగ్ వేసి గాల్లోకి పంపుతారు. కొత్త ఇంజిన్‌ని మెల్లగా నడపాలని స్కూటర్ల వాళ్లు నేర్పిన బుద్ధి ఇక్కడ పనికిరాదు. మొదటి గంటల్లో మినరల్ ఆయిల్ పోసి, ఎక్కువ పవర్ మీద ఎగరాలి. అప్పుడే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి ఒరిపిడి పడి కుదురుకుంటాయి. మెల్లగా నడిపితే గోడలు నునుపెక్కి, ఆ ఇంజిన్ బతికినన్నాళ్లూ నూనె తాగుతూనే ఉంటుంది.