నడుము శస్త్రచికిత్స అనంతర ఎమ్మారై

నడుము భాగంలో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన తరువాత నొప్పి తగ్గకపోయినా, తగ్గిన నొప్పి తిరిగి వచ్చినా కారణం తెలుసుకోవడానికి సాధారణంగా ఎమ్మారై పరీక్ష చేస్తారు. గాయం మానేటప్పుడు ఏర్పడే సహజమైన మార్పులు కూడా ఈ చిత్రాలలో జబ్బువలె కనిపించవచ్చు. అందువలన శస్త్రచికిత్స జరగని వెన్నెముక చిత్రాలను చదివినట్లు వీటిని చదవరాదు.

నేపథ్యం

మానవుని నడుములో ఐదు కటి వెన్నుపూసలు ఉంటాయి. వీటిని ఎల్1 నుండి ఎల్5 వరకు గుర్తిస్తారు. ఎల్5 క్రింద త్రికాస్థి మొదటి భాగమైన ఎస్1 ఉంటుంది. పూసల మధ్యనున్న డిస్కులోని గుజ్జు బయటకు పొడుచుకువచ్చి నాడీ మూలాన్ని ఒత్తితే పిరుదు నుండి కాలిలోకి పాకే నొప్పి కలుగుతుంది. దీనిని సయాటికా అంటారు. ఇది ఎక్కువగా ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 స్థానాలలో వస్తుంది. ఈ సంబంధాన్ని వివరిస్తూ అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో ప్రచురించిన వ్యాసం తరువాత డిస్కు శస్త్రచికిత్స వ్యాప్తిలోకి వచ్చింది.

తొలి వారాలు

శస్త్రచికిత్స జరిగిన తొలి వారాలలో ఆ చోట వాపు, కొద్దిపాటి రక్తం, ద్రవం ఉంటాయి. ఇవి చిత్రంలో పాత డిస్కు ఇంకా అక్కడే ఉన్నట్లు భ్రమ కలిగిస్తాయి. నొప్పి పూర్తిగా తగ్గినవారిలో కూడా ఇలా కనిపించవచ్చు. కాబట్టి చీము, రక్తపు గడ్డ వంటి అనుమానాలు లేనప్పుడు తొలి వారాలలో తీసిన చిత్రంపై మాత్రమే ఆధారపడి నిర్ణయం తీసుకోరు.

మచ్చ, డిస్కు - తేడా

గాయం మానినచోట నాడీ మూలం చుట్టూ మచ్చ కణజాలం ఏర్పడుతుంది. నివేదికలలో దీనిని ఎపిడ్యూరల్ ఫైబ్రోసిస్ అని వ్రాస్తారు. మళ్ళీ జారిన డిస్కును రికరెంట్ డిస్క్ అంటారు. సాధారణ చిత్రాలలో ఈ రెండూ ఒకేలా కనిపించవచ్చు. తేడా తెలియడానికి గెడోలినియం గల మందును సిరలోకి ఎక్కించి, కొద్ది నిమిషాలలోనే చిత్రాలు తీస్తారు. మచ్చలో రక్తనాళాలు ఉంటాయి కనుక అది మొత్తం ప్రకాశవంతమవుతుంది. డిస్కు ముక్కలో రక్తనాళాలు లేనందున దాని అంచు మాత్రమే మెరుస్తుంది, నడిభాగం నల్లగా ఉంటుంది. ఆలస్యమైతే మందు డిస్కులోకి కూడా ఇంకి తేడా చెరిగిపోతుంది.

ఈ తేడా చికిత్సను నిర్ణయిస్తుంది. నాడిని ఒత్తుతున్న డిస్కు ముక్కను మరల శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. మచ్చను మాత్రమే కోసి తీస్తే సాధారణంగా ప్రయోజనం తక్కువ, ఆ చోట కొత్త మచ్చ ఏర్పడుతుంది.

మూత్రపిండాల వ్యాధి తీవ్రంగా ఉన్నవారు గెడోలినియం ఇవ్వక ముందే ఆ విషయం వైద్యునికి తెలపాలి.

లోహపు మరలు

మరలు, కడ్డీలు అమర్చినవారిలో లోహం వలన ఎమ్మారై చిత్రం చెదురుతుంది. టైటానియంతో ఈ చెదరడం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే తక్కువ. మర సరైన చోట ఉన్నదా, ఎముక అతికినదా అన్నవి సీటీ స్కానులో బాగా తెలుస్తాయి.

నివేదికను అర్థం చేసుకొనడం

నివేదికలోని స్థానం, పక్క రోగి లక్షణాలతో సరిపోవాలి. ఎల్5 నాడి దెబ్బతింటే కాలి బొటనవ్రేలిని పైకెత్తడం కష్టమవుతుంది. ఎస్1 దెబ్బతింటే పాదం వెలుపలి అంచు మొద్దుబారుతుంది. కుడికాలు నొప్పిగా ఉన్నవారిలో ఎడమవైపు కనిపించిన మచ్చ ఆ నొప్పికి కారణం కాకపోవచ్చు. శస్త్రచికిత్సకు ముందు తీసిన చిత్రాలను కూడా పోల్చి చూడడం అవసరం.

అత్యవసర లక్షణాలు

మూత్రం బిగియడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, కాళ్ళ బలహీనత పెరగడం, జ్వరంతో కూడిన తీవ్రమైన నడుమునొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.