తుది చికిత్సపై రోగి ఇష్టం (ఉద్దానం ప్రాంతం)

డయాలసిస్, వెంటిలేటర్, ముక్కు గొట్టంతో ఆహారం వంటివి చివరి దశలో తనకు కావాలో వద్దో రోగి ముందే చెప్పడం, వైద్యులూ కుటుంబమూ ఆ మాట పాటించడం ఈ వ్యాస విషయం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడితోటల ఊళ్లను కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వే ప్రకారం ఇక్కడి వయోజనుల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉంది. ఈ జబ్బు సాధారణంగా మెల్లగా ముదురుతుంది. రోగి తెలివితో మాట్లాడగలిగే కాలం మిగులుతుంది. ఇష్టాన్ని అడగాల్సింది ఆ వ్యవధిలోనే.

చికిత్స అందుబాటులో లేనప్పుడు వద్దనే హక్కుకు అర్థం లేదు. అందుకే ఇక్కడి చరిత్ర ముందుగా చికిత్స కోసం సాగిన పోరాటమే. ఒకప్పుడు విశాఖపట్నం దాకా వెళ్లాల్సిన రోగులకు టెక్కలి, పలాస, సోంపేటల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. పలాసలో 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అయితే డయాలసిస్ అందరికీ ఒకే మేలు చేయదు. అమెరికా నర్సింగ్ హోముల్లో డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మందిపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికల్లా 58 శాతం మంది మరణించారు. మునుపటిలా తమ పనులు చేసుకోగలిగినవారు 13 శాతమే. ఈ లెక్క నడివయసు కూలీకి వర్తించదు గాని, మంచాన పడిన వృద్ధుల విషయంలో వారినే అడగాలని గట్టిగా చెబుతుంది.

చట్టం ఈ దిశగా నెమ్మదిగా కదిలింది. కండరాల క్షీణతతో బాధపడుతూ, అవయవదానం కోసం ప్రాణాధార యంత్రాలు తొలగించాలని కోరిన చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ అభ్యర్థనను 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తిరస్కరించింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, రోగి తన ఇష్టాన్ని ముందే రాసిపెట్టే ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించింది. అప్పుడు మేజిస్ట్రేటు సంతకం తప్పనిసరి. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలన్నది. రోగి మాట్లాడలేని స్థితిలో రెండు వైద్య మండళ్లు పరిశీలించాకే అది అమలవుతుంది.

పేదవాడి నోట వచ్చే ‘వద్దు’ ఇష్టమా, ఖర్చు భయమా అన్న అభ్యంతరం బలమైనదే. అందుకు జవాబు అడగడం మానేయడం కాదు. ఉచిత చికిత్స, దారి ఖర్చు, నొప్పి తగ్గించే వైద్యం ముందు హామీగా ఉంచి, ఆపైన అడగడం. రాసిన నిర్దేశాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ముక్కు గొట్టం వద్దంటే, కన్నవాళ్లను పస్తులుంచి పంపారని ఊరు అంటుందన్నది రెండో అభ్యంతరం. ముదిరిన మతిమరుపు వ్యాధిలో గొట్టం కంటే ఓపికగా నోటికి అందించడమే మేలని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2014లో సూచించింది. గొట్టం వద్దంటే అన్నం పెట్టడం మానేసినట్టు కాదు. అడగనంత కాలం ఆ నిర్ణయం భారం, నింద కూడా పిల్లలపైనే పడతాయి. డయాలసిస్ మొదలుపెట్టే రోజునే ఈ సంభాషణ మొదలై కేసుషీటులో నమోదైతే, రోగి మాటే వాళ్లకు అండ అవుతుంది.