తెల్లకాగితపు బేరాలు

నారాయణగూడలో ఇల్లు అమ్మారంటే రిజిస్ట్రారు కచ్చేరీ గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల్లో మాత్రం ఎంతో పొలం తెల్లకాగితం మీదనే చేతులు మారింది. సాదా బైనామా అంటే అదే.

ఎందుకిలా అంటారా? తహసీల్దారు అనుమతి లేనిదే వ్యవసాయ భూమి అమ్మకం చెల్లదన్నది 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం, 47వ సెక్షను. కచ్చేరీ చుట్టూ తిరగలేనివారు నలుగురి ఎదుట కాగితం రాసుకున్నారు. 1969లో ఆ సెక్షను పోయింది, అలవాటు పోలేదు. అమ్మినాయన కన్నుమూయగానే కొడుకులు వచ్చి, “పట్టా మా నాయన పేరనే ఉంది గదా!” అనేవారు. దున్నేది ఒకరు, రికార్డులో పేరు మరొకరిది.

ఆర్‌.ఓ.ఆర్‌. చట్టం 5-ఎ సెక్షను ఇటువంటి బేరాలను క్రమబద్ధం చేసేది. 2020 చట్టంలో ఆ దారి లేకపోయింది. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు 2025 భూభారతి చట్టం మళ్లీ దారి తెరిచింది. ఆర్‌.డి.ఓ. విచారణ జరపాలి. నలభై ఏళ్లనాటి బేరానికి సాక్షులు బతికుండాలి గదా!