ద్రవ్యరాశి చిత్రములలో సంకేత విరళత

పదార్థమందలి అణువులను అయానులుగా మార్చి, వాని ద్రవ్యరాశిని బట్టి గుర్తించు విద్య మాస్ స్పెక్ట్రోమెట్రీ. 1919లో కేంబ్రిడ్జియందు ఆస్టన్ దీనికి మేలైన యంత్రమును నిర్మించెను. 1962లో ఫ్రాన్సు దేశమున కాస్టేన్, స్లోడ్జియాన్ అనువారు అయానులతో వస్తుతలమునకు చిత్రము తీసిరి. 1997లో అమెరికాలో కాప్రియోలీ బృందము కణజాలమును లేసరు కిరణముతో బిందువు బిందువుగా శోధించి, అందలి ప్రోటీనుల వ్యాప్తిని పటముగా చూపెను.

ఇట్టి పటమున ప్రతి బిందువునకును ఒక వర్ణపటము. ప్రతి వర్ణపటమునను వేలకొలది గళ్లు. వానిలో పెక్కు సున్నలే. ఈ లక్షణమే విరళత. దత్తాంశమును ఎట్లు భద్రపఱచవలెనో, ఏ గణితపద్ధతి తగునో నిర్ణయించుటకు దీని కొలత ఆవశ్యకము.

సులభమైన కొలత సున్నల పాలు. 10,000 గళ్లలో 9,500 సున్నలైనచో విరళత 0.95. కాని యంత్రపు రొద ఇంచుక సోకినను సున్న సున్నగా నిలువదు, కొలత తప్పును. ఇచట అర్థశాస్త్రము తోడ్పడెను. 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గినీ ప్రతిపాదించిన సూచికతో సంపద కొందఱి చేత ఎంత కూడియున్నదో కొలుతురు. సంకేతబలము కొలది గళ్లలో ఎంత కూడియున్నదో కూడ అదే తెలుపును. 2009లో హర్లీ, రికార్డ్ అనువారు పెక్కు కొలతలను ఆఱు నియమములతో పరీక్షింపగా, గినీ సూచిక అన్నింటికిని నిలిచెను.

అయినను సున్న యనగా పదార్థము లేదని కాదు. పొరుగు అణువులు దాని సంకేతమును అణచినను, అది యంత్రపు గ్రహణశక్తికి దిగువనున్నను సున్నయే కనబడును. రోగి కణజాలమున ఇట్టి సున్నను లేమిగా నెంచినచో నిర్ణయమే తప్పును. కావున విరళత నెంతయని చెప్పువారు, ఏ హద్దుకు దిగువ సంకేతములను సున్నగా నెంచిరో అదియు చెప్పవలెను.