వలీమా విందు – అతిథి దుస్తులు: ఒక చారిత్రక పరిశీలన

వివాహ విందుకు పిలుపు అందగానే పురుషుని ముందు నిలిచే మొదటి ప్రశ్న "ఏమి తొడుక్కొని వెళ్లాలి?" అన్నదే. ఇది చాలా చిన్న ప్రశ్నగా తోస్తుంది. దీనికొక చరిత్ర ఉన్నదని గాని, ధర్మశాస్త్రంతో సంబంధం ఉన్నదని గాని చాలామందికి తట్టదు. కాని మనిషి తన బట్టల కారణంగా ఒక వాకిలి లోపలికి పోగలిగాడా, బయటనే ఆగిపోయాడా అన్న విషయం ఇస్లాం చరిత్రలో మొదటినుండీ ముఖ్యమైనదే. దుస్తులు మర్యాదకు గుర్తుగా ఉండాలి, మనుషులను వడకట్టే జల్లెడ కారాదు. ఈ సూత్రం ఏ సందర్భంలో వెలువడినది, మన దక్కను గడ్డపై ఎట్లా ఆచరింపబడినది, నేడు ఏ స్థితిలో ఉన్నది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కాబా వద్ద దుస్తుల అడ్డు

దివ్య ఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరా 31వ ఆయత్‌లో, ఆరాధనా స్థలానికి పోయేటప్పుడెల్లా "జీనత్" ధరించవలెనన్న ఆదేశం ఉన్నది. తినడం, త్రాగడం అనుమతించి, మితిమీరడాన్ని నిషేధించినది కూడా అదే ఆయత్. "జీనత్" అన్న పదాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు కొంత తటపటాయిస్తాడు. "అలంకారం" అంటే నగలూ నాణేలూ మనసులో మెదులుతాయి. "వస్త్రం" అంటే పదంలోని సొంపు పోతుంది. ఈ చిక్కు విడవాలంటే ఆయత్ అవతరణ సందర్భం తెలియాలి.

ఇస్లాంకు పూర్వం మక్కాలో ఖురైషులూ వారి పక్షంవారూ తమను "హుమ్స్" అని పిలుచుకొనేవారు. పుణ్యక్షేత్ర సంరక్షకులమన్న గర్వంతో వారు కొన్ని ప్రత్యేక నియమాలు కల్పించారు. బయటి నుండి వచ్చిన యాత్రికుడు తన బట్టలతో కాబా ప్రదక్షిణ చేయరాదు. హుమ్స్ వర్గంవారి వద్ద ఎరువు తెచ్చుకొనో, కొనుక్కొనో ఆ వస్త్రంతో చేయాలి. అట్టి వస్త్రం దొరకనివాడు దిగంబరంగా ప్రదక్షిణ చేయాలి. తన బట్టలతోనే చేస్తే, ఆ తరువాత వాటిని అక్కడే పారవేయాలి. మళ్లీ వాటిని తానూ తాకరాదు, ఇతరులూ తాకరాదు. తెలిసినవారూ, డబ్బూ ఉన్నవానికి గౌరవం, లేనివానికి అవమానం అన్నమాట.

పైన చెప్పిన ఆయత్ ఈ దురాచారాన్ని ఖండించినదని వ్యాఖ్యాతలు వివరించారు. హిజ్రీ 9 (క్రీ.శ. 631) హజ్ సందర్భంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) నాయకత్వాన, ఇకపై ఎవరూ దిగంబరంగా ప్రదక్షిణ చేయరాదని బహిరంగంగా ప్రకటింపబడినది. అప్పటినుండి ఎవరి బట్టలతో వారు వెళ్లవచ్చు. కనుక "జీనత్" అంటే ఒకరి వద్ద అరువు తెచ్చుకొన్న ఆడంబరం కాదు, మనిషి తనకున్న దానితో పొందే గౌరవం అని గ్రహించాలి.

మదీనా విందులు

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలపు వివాహాలు నిరాడంబరమైనవని అందరమూ చెప్పుకొంటాం. అయితే నిరాడంబరత అంటే అశ్రద్ధ కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకనాడు పసుపుపచ్చని పరిమళపు మరకతో ప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఏమిటని అడుగగా, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహ్ర్‌గా ఇచ్చి వివాహమాడినానని విన్నవించారు. ప్రవక్త (స) శుభం కోరి, ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయుమని చెప్పారు. పెళ్లి ఛాయ మనిషిపై కనిపించడం ఆనాడు తప్పు కాలేదు.

ఒకసారి మాసిన బట్టలతో వచ్చిన ఒక వ్యక్తిని, నీకు ఆస్తి ఉన్నదా అని ప్రవక్త (స) ప్రశ్నించారు. ఒంటెలూ మేకలూ ఉన్నవని అతడు చెప్పగా, దైవానుగ్రహపు జాడ నీపై కనిపించవలెనని బోధించారు. ప్రవక్త (స) యెమన్ దేశపు చారల వస్త్రాన్ని ఇష్టపడేవారు. ఒక ప్రయాణంలో ఇరుకు చేతులున్న సిరియా దేశపు జుబ్బా ధరించిన సంగతి కూడా హదీసులలో ఉన్నది. ఇతర దేశాల బట్ట, ఇతర దేశాల కుట్టు అన్నంత మాత్రాన అది వర్జ్యం కాలేదు.

మరోవైపు, కీర్తికోసం ధరించే దుస్తులను గూర్చి తీవ్రమైన హెచ్చరిక ఉన్నది. పదిమంది తలలు తిరిగేంత ఖరీదైనదీ, పదిమంది వేలు చూపేంత మురికిదీ, రెండూ ఈ హెచ్చరిక కిందికే వస్తాయని పూర్వ ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. ధనికులను పిలిచి పేదలను వదిలివేసిన వలీమా భోజనమే భోజనాలలోకెల్లా చెడ్డదని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనంలో ఉన్నది. ఈ రెండు హెచ్చరికలనూ కలిపి చదవాలి. పేదవానికి కార్డు పంపి, అతడు రాలేనంత ఖరీదైన వేషధారణను విందుకు కట్టుబాటు చేస్తే, పిలవకుండా ఉన్నట్లే కదా!

మరి శుభకార్యానికి తగిన బట్ట లేనివారు ఆ కాలంలో ఏమి చేసేవారు? దీనికి హజ్రత్ ఆయిషా (రజి) జీవితంలోని ఒక సంఘటన సమాధానమిస్తుంది. తరువాతి కాలంలో ఒక వ్యక్తి ఆమె వద్దకు వెళ్లగా, ఆమె ఐదు దిర్హముల విలువగల ముతక అంగీ ధరించి ఉన్నారు. తన పరిచారిక ఇంటిలో సైతం ఇటువంటిది తొడుక్కోవడానికి ఇష్టపడదని చెబుతూ, ప్రవక్త (స) కాలంలో తనవద్ద ఇటువంటి అంగీ ఒకటి ఉండేదనీ, మదీనాలో పెళ్లికూతురిగా అలంకరింపబడే ప్రతి స్త్రీ దానిని ఎరువుకోసం అడిగి పంపేదనీ గుర్తుచేసుకొన్నారు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును పెళ్లికై వస్త్రాన్ని ఎరువు తీసుకొనడం అన్న శీర్షిక కింద చేర్చారు. మక్కాలో హుమ్స్‌లు ఇచ్చిన ఎరువు బట్ట తీసుకొన్నవానిని చిన్నబుచ్చింది. మదీనాలో విశ్వాసుల మాత ఇచ్చిన ఎరువు బట్ట ఎందరినో పెళ్లిపీటపై తలెత్తుకొని కూర్చోనిచ్చింది.

పట్టు, నూలు, మష్రూ

మసీదు ద్వారం వద్ద అమ్మకానికి వచ్చిన ఒక పట్టు జత బట్టలను చూచి హజ్రత్ ఉమర్ (రజి), దీనిని కొని శుక్రవారాలలో, రాయబారులు వచ్చినప్పుడు ధరించండని ప్రవక్త (స)తో అన్నారు. ఆయన నిరాకరించారు. అయితే సందర్భాన్నిబట్టి మంచి బట్ట కట్టుకొనడాన్ని ఆయన కాదనలేదు, ఆ బట్ట పట్టు అయినందువల్లనే కాదన్నారు. పురుషులకు పట్టూ బంగారమూ నిషిద్ధం. నాలుగు వేళ్ల వెడల్పు మించని పట్టు అంచుకు మాత్రం హదీసులో మినహాయింపు ఉన్నది.

ఈ నియమం మన దేశపు మగ్గంపై ఒక కొత్త బట్టకు దారితీసింది. పడుగు పట్టు, పేక నూలు. నేతలో పట్టు పైవైపు మెరుస్తుంది, ఒంటిని తాకేది నూలు. పేక పట్టు కానప్పుడు అట్టి బట్ట ధరించవచ్చునని హనఫీ ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. ఆ బట్టకు "మష్రూ" అన్న పేరే స్థిరపడినది. షరీఅత్ సమ్మతమైనది అని ఆ మాటకు అర్థం. గుజరాత్‌లోనూ దక్కనులోనూ ఇది పెద్ద పరిశ్రమగా వర్ధిల్లింది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాదులో నూలునూ పట్టునూ కలిపి నేసే హిమ్రూ కూడా ప్రసిద్ధమే. ఇక మన చీరాల, పుట్టపాక నేతగాండ్రు నూలును నూనెలో నానబెట్టి నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతై అక్కడివారి తలలపై నిలిచాయి. "ముస్లిం దుస్తులు" అని మనం ఒక్కమాటగా చెప్పుకొనేవాటి వెనుక ఎన్ని ఊళ్ల, ఎన్ని మతాలవారి చేతిపని ఉన్నదో దీనినిబట్టి ఊహించవచ్చు.

దక్కనులో షేర్వానీ

నేడు పెళ్లి అనగానే గుర్తువచ్చే షేర్వానీ అరేబియానుండి వచ్చినది కాదు. మొగలుల కాలపు జామా, అంగర్ఖా, అచ్కన్‌ల వరుసలో, ఐరోపావారి పొడుగు కోటు ప్రభావంతో 19వ శతాబ్దిలో ఉపఖండంలో రూపుదిద్దుకొన్నది. నిలువు కాలరు, ముందువైపు నడిమి బొత్తాలు, మోకాళ్లవరకు పొడవు దీని లక్షణాలు. పాత జామాను ముస్లిములు కుడివైపు, హిందువులు ఎడమవైపు ముడి వేసేవారని ఆనాటి చిత్రాలవల్ల తెలుస్తున్నది. షేర్వానీకి బొత్తాలు నడుమ ఉంటాయి కనుక ఆ తేడా దానంతటదే తొలగిపోయింది.

1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన అలీగఢ్ విద్యాలయం నల్ల షేర్వానీని విద్యావంతుని గుర్తుగా చేసింది. నవాబ్ మొహ్సినుల్ ముల్క్ వంటి అలీగఢ్ ప్రముఖులు నిజాము కొలువులో ఉన్నతోద్యోగాలు చేశారు. హైదరాబాదులో షేర్వానీ కచేరీకీ, కళాశాలకూ, మసీదుకూ, విందుకూ ఒకే దుస్తుగా స్థిరపడినది. దర్బారుకు మాత్రం దస్తార్, బక్లూస్ అదనం. మహారాజా కిషన్ పర్షాద్ మొదలుకొని ఎందరో హిందూ ఉద్యోగులు దీనినే ధరించారు. తలపై రూమీ టోపీ ఉండేది. 1925లో టర్కీ తన గడ్డపై ఆ టోపీని చట్టంతో నిషేధించిన తరువాత కూడా హైదరాబాదులో అది కొనసాగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అపార సంపన్నుడై ఉండి కూడా పాత షేర్వానీతోనే కాలం గడిపేవారన్నది లోకప్రసిద్ధం.

ఇందులో గమనింపవలసిన మేలు ఒకటున్నది. ఉన్నది ఒక్క షేర్వానీయే అయినా మనిషి ఏ విందుకైనా నిస్సంకోచంగా వెళ్లగలిగేవాడు. గుమాస్తా బట్టా, అధికారి బట్టా దూరంనుండి ఒక్కతీరుగా కనిపించేవి. 1948 తరువాత కచేరీలలో షేర్వానీ క్రమంగా తగ్గి, ప్యాంటూ చొక్కా వచ్చాయి. షేర్వానీ పెళ్లికి మాత్రమే మిగిలింది.

మా అబ్బా ఒక చిన్న సర్కారు ఉద్యోగి. ఆయనకు ఒకే ఒక నల్ల షేర్వానీ ఉండేది. మా గల్లీలో నలుగురు పెళ్లికొడుకులు దానినే తొడుక్కొని నికాహ్‌కు కూర్చున్నారు. చేతుల అంచులు విప్పి, మడిచి, మళ్లీ కుట్టిన గుర్తులు నేటికీ ఆ బట్టపై ఉన్నాయి. ఇచ్చినందుకు అబ్బా ఎన్నడూ పేరు చెప్పుకోలేదు. తెచ్చుకొన్నవారూ సిగ్గుపడలేదు. హజ్రత్ ఆయిషా (రజి) అంగీ హదీసును మదర్సాలో చదివిననాడు నాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆ షేర్వానీయే.

నేటి విందు వాకిలి

ఇప్పుడు షేర్వానీ తన పాత గుణాన్ని పోగొట్టుకొన్నది. జరీ పని, రాళ్లు, తలపాగా, మెడలో హారాలతో అది ఒక పూట వేషమైనది. పెళ్లికొడుకు స్నేహితులంతా ఒకే రంగు కుట్టించుకోవాలంటున్నారు. మరికొందరు అతిథులు ఏ రంగు ధరించాలో ముందుగా తెలియజేస్తున్నారు. అద్దెకైనా అప్పుకైనా సిద్ధపడే యువకులున్నారు. ఇదంతా చేసి, మామగారిచ్చిన బంగారు ఉంగరాన్ని వేలికి పెట్టుకొని, అది పురుషునికి నిషిద్ధమన్న సంగతి మరచిపోవడం మరీ విచిత్రం.

కొన్ని సంవత్సరాల క్రితం మా బంధువుల వలీమా ఒక పెద్ద ఫంక్షన్ హాలులో జరిగింది. నల్లగొండ జిల్లా పల్లెనుండి మా మామూ వచ్చారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, నూలు టోపీ, భుజాన తువ్వాలు. వాకిట నిలిచిన కుర్రవాడు ఆయనను చూచి, పనివారి భోజనాలు వెనుకవైపు అని చెప్పి పంపించాడు. మామూ వాదించలేదు. వెనుకకు పోయి, డ్రైవర్ల సరసన కూర్చొని తిని, వధూవరులకు దుఆ చేసి వెళ్లిపోయారు. రెండు రోజుల తరువాత ఫోనులో సంగతి తెలిసి నేను క్షమాపణ కోరగా, "నా బట్టలు ఉతికినవే గద బిడ్డా" అన్నారు, అంతే. డ్రైవర్లతో కలిసి తినడం ఆయనకు చిన్నతనం కాదు. కాని ఆ ఇంటి పెళ్లికూతురిని బాల్యంలో భుజాన మోసిన మనిషి ఆయన. ఆమెను కళ్లారా చూడకుండానే తిరిగిపోయారు.

ఆ కుర్రవానిని ఒక్కనినే తప్పుపట్టి ఏమి లాభం? విందుకు తగిన మనిషి ఇట్లా ఉంటాడని వానికి నేర్పినది మనమే. షరీఅత్ అడిగేవి కొద్ది విషయాలే. బట్ట శుభ్రంగా ఉండాలి, ఒంటిని కప్పాలి, పట్టూ బంగారమూ పురుషునిపై ఉండరాదు, గర్వమూ దుబారా ఉండరాదు. ఈ హద్దులలో ఉన్న షేర్వానీ మంచిదే, సూటు మంచిదే, పల్లె మనిషి లుంగీ చొక్కా కూడా అంతే మంచివి. స్తోమత కలవాడు మంచి బట్ట ధరిస్తే ఆక్షేపణ లేదు. లేనివానికి తన బట్ట ఎరువిస్తే అది పుణ్యకార్యం. పిలిచేవారు మాత్రం కార్డుపై రంగులు రాయించడానికి ముందు, తమ బంధువులలో ఆ రంగు కొనలేనివాడు ఎవరని ఒక్కసారి ఆలోచించాలి. వాకిట నిలబెట్టేవారికి ఆ బంధువుల ముఖాలు చూపించి ఉంచాలి.

అన్నిటికన్నా మేలైన దుస్తులు దైవభీతి అనే దుస్తులని అదే సూరా 26వ ఆయత్ బోధిస్తున్నది. అవి ధరించి వచ్చిన అతిథిని గుర్తుపట్టగల చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.